ఫోన్ లేనోళ్ల మాట ఏ లెక్కలోకి?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లు మన పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. ఊరెళ్లే పాసుల కోసం వాళ్లు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆ ఏడే డిగ్రీ అర్థశాస్త్రం క్లాసు ఫోన్లోకెక్కింది.

అర్థశాస్త్రం తొలి పాఠాల్లోనే ఒక మాటుంది: కోరిక చాలదు, కొనే శక్తి ఉంటేనే డిమాండ్. ఆ పాఠం వినకుండానే మన పిల్లలకు అర్థమైంది. ఇంటికొక్క ఫోను, అయ్య కూలికి పోతే అదీ వెంటబాయె.

"క్లాసు ఎట్లుంది?" అని ఫోన్లోనే అడుగుతారు. క్లాసు అందినోళ్లే జవాబిస్తారు. "మళ్లీ మళ్లీ వినొచ్చు, బాగుంది" అంటారు. నిజమే, కాదనం. మరి అందనోళ్ల మాట ఎవరు రాసుకున్నారు?

ఇది గడిచిపోయిన ముచ్చట కాదు. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్రం నడిపే 'స్వయం'లో ఆన్‌లైన్‌గా చదవొచ్చని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది.

వేరే దారి లేకనా? నేడు అంబేద్కర్ పేరున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లోనే పుట్టింది. తెలుగులో అచ్చు పాఠాలు, స్టడీ సెంటర్లలో క్లాసులు మనమెరిగినవే.

మేమడిగేది ఇదే: ఆన్‌లైన్ క్లాసుతో పాటు అచ్చు పాఠం చేతికివ్వండి. అనుమానాలు తీర్చే పంతుల్ని దగ్గర్లో పెట్టండి. చదువు మానేసిన పిల్లల గడపకొచ్చి అభిప్రాయమడగండి.

మిత్రులారా, వాళ్లొచ్చే దాకా ఆగొద్దు. ఆ పిల్లల జాబితా మన వాడల్లో మనమే రాద్దాం. జై భీమ్!