బొమ్మల పుస్తకం - బడి పిల్లలు

అక్షరం కంటె ముందు బొమ్మ పుట్టినది. మన కర్నూలు సీమలోని కేతవరం గుహలలో బొమ్మలు గీచిన ఆదిమానవునికి లిపి తెలియదు. శిశువు చదువు కూడ ఈ వరుసనే సాగుతుంది. అయితే మన ప్రాథమిక పాఠశాలల్లో ఈ వరుస తారుమారైనది. అక్షరాలు వచ్చిన పిదపనే పుస్తకమన్న నియమం ఒకటి అప్రకటితంగా అమలులో ఉన్నది. ఇది సరికాదని మా అభిప్రాయం.

1658లో కొమీనియస్ అనే విద్యావేత్త లాటిన్, జర్మన్ భాషలను పక్కపక్కన ఉంచి, పైన బొమ్మలు వేసి, పిల్లల కొరకు ఒక పాఠ్యపుస్తకాన్ని ప్రచురించినాడు. బొమ్మ రెండు భాషల నడుమ వంతెన కాగలదని ఆయన ఆనాడే గ్రహించినాడు. మన దేశంలో 1957లో వ్యంగ్య చిత్రకారుడు శంకర్ చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించినారు. అంతకు పదేండ్ల ముందే, 1947లో, తెలుగువారికి 'చందమామ' లభించినది. కాని చందమామ చదువ నేర్చిన పిల్లల పత్రిక. ఇంకను చదువరాని అయిదేండ్ల శిశువు అవసరం వేరు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఇక్కడి పిల్లవాడు ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం వింటాడు. బడిలో ఇంగ్లీషు వాచకం చేతికి వస్తుంది. ఇన్ని భాషల నడుమ చిక్కిన పిల్లవానికి మొదటి రోజుననే అర్థమయ్యేది బొమ్మ ఒక్కటే.

ఒక పాఠశాలలో మేము చూచిన సంగతి చెబుతాము. ఉర్దూ అలవాటైన బాలుడొకడు తెలుగు బొమ్మల పుస్తకాన్ని చివరి పుట నుంచి తెరచినాడు. కథలో గుడ్డు పగిలి కోడిపిల్ల బయటికి వస్తుంది. అతడు మాత్రం కోడిపిల్ల గుడ్డులోనికి వెళ్ళి దాగుకొన్నదని చెప్పినాడు. తరగతి అంతా నవ్వినది. అతని తప్పేమి? ఉర్దూ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అతడు చూచిన వరుసకు అతని కథ సరిగానే సరిపోయినది. తెలుగు పుస్తకాన్ని ఉర్దూలోనికి మార్చేటప్పుడు మాటలతోపాటు పుటల క్రమాన్ని, బొమ్మలోని కదలిక దిశను కూడ మార్చవలసి ఉంటుందని మాకు నేర్పిన గురువు ఆ బాలుడే.

1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఎమ్మిగనూరులో మరొక అనుభవం కలిగినది. నెలల తరబడి నోరు విప్పని ఒక బాలిక, పుస్తకంలోని మగ్గం బొమ్మను చూచి, "గుంట ఏదీ? కాళ్ళు ఎక్కడ పెడతాడు?" అని అడిగినది. చిత్రకారుడు మరచినదాన్ని నేతపని ఇంటి పిల్ల పట్టుకొన్నది. తన ఇల్లు పుస్తకంలో కనిపించినప్పుడు పిల్లకు మాట వస్తుంది. అట్లని మన పత్తిచేలు, మగ్గాలు మాత్రమే చూపిన చాలదు. చూడని సముద్రాన్ని, మంచుకొండను చూపవలసినదీ బొమ్మలే.

ఇక ఎంపిక విషయం. 'అ - అమ్మ, ఆ - ఆవు' అని ముద్రించిన పుస్తకం అక్షరమాలయే కాని బొమ్మల పుస్తకం కాదు. మంచి బొమ్మల పుస్తకంలో పుటకు రెండు మూడు వాక్యాలు చాలు. మాట చెప్పనిదాన్ని బొమ్మ చెప్పవలెను. వెనుక వరుస పిల్లవానికి కూడ కనిపించే పరిమాణం, పలు చేతులు మారినా ఊడని కుట్టు ఉండవలెను. ఉపాధ్యాయుడు ముందుగా తాను చదువుకొని, పిల్లలను అర్ధచంద్రాకారంగా కూర్చుండబెట్టి, పుట తిప్పబోయే ముందు "తరువాత ఏమగును?" అని అడిగి ఆగవలెను. జవాబు ఏ భాషలో వచ్చినా స్వీకరించవలెను. చివర నీతి ఏమని నిలదీయరాదు. మళ్ళీ చదువమంటే విసుగుకొనరాదు.

పుస్తకాలు లేవనే ఫిర్యాదు అంతటా వినవస్తుంది. కాని ఉన్నవి కూడ బీరువాలో తాళం క్రింద ఉంటున్నవి. చిరిగితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పవలెనని ఉపాధ్యాయుని భయం. ఆ భయం అర్థం చేసుకొనదగినదే. కాని చిరిగిన పుస్తకం చదువబడిన పుస్తకం. తాళం వేసిన పుస్తకం ఎవ్వరిదీ కాదు. ఏటేట గుంటూరు మిరపచేలకు వలసపోయే కుటుంబాల పిల్లలు నెలల కొద్దీ బడికి దూరమవుతున్నారు. ఆ మూటలో ఒక బొమ్మల పుస్తకం కూడ వెళ్ళినచో బడితో బంధం కొంతైనా నిలుస్తుంది. అది తిరిగి రాకపోయినా నష్టం స్వల్పం. పిల్లవాడు తిరిగి రాకపోవుటయే అసలు నష్టం.

2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసినది. చట్టం బడిపిల్లవాని ఒడిలోనికి చేరవలెనంటే పుస్తకం కావలెను. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా లభిస్తున్నవి; అనువదించుకొనుటకు, ముద్రించుకొనుటకు అనుమతి కూడ ఉన్నది. రెండు భాషలు తెలిసిన విద్యార్థులు మన కళాశాలలో ఉన్నారు. వారానికి ఒక గంట సమీపంలోని బడికి వెళ్ళి ఒక్క కథ చదువుట వారికి భారం కాదు. గ్రంథాలయ నిధిలో కొంత భాగాన్ని ఇందుకు కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము కోరుతున్నాము. నేటి ఆ పిల్లలే రేపు ఈ తరగతి గదులకు రావలసినవారు.