మగపిల్లల తీరికవేళలు – ఇంటి వ్యాసంగములు

ఇంట నిద్దరు మగపిల్లలున్న తల్లికి వేసవి సెలవులు దగ్గరపడునప్పటికి గుండె కొంచెము దడదడలాడుట సహజము. బడి యున్న దినములలో పగటి భారమును ఉపాధ్యాయులు వహింతురు. సెలవులలో నా భారమంతయు మన వసారామీదికి వచ్చును. ఒకడు నిచ్చెన యెక్కును. వేరొకడు దానిని లాగును. కొట్లాట చల్లారినదని మనము సంతసించులోపల ఇల్లంతయు నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమునకు కారణము సెల్‌ఫోను. మా పామర్రున కాలువగట్లును వరిచేలును ఉన్నవి కాని, కాలువ కట్టివేసిన ఎండదినములలో నడిమధ్యాహ్నము పిల్లలను గట్లవెంట పంపు తల్లి యెవరు? కావున ఈ నెల మేము పిల్లల తీరికవేళలను గూర్చియు, ఇంటిపట్టున సాగదగిన వ్యాసంగములను గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

వ్యాసంగమును ఆటకంటెను పాఠముకంటెను వేరుగా నెన్నవలెను. ఆట ముగిసిన పిమ్మట చేతిలో నేమియు మిగులదు. పాఠము పరులు నియమించినది. వ్యాసంగమున శ్రమ యుండును, ఓర్పు ఉండును, తుదకొక వస్తువో యొక నేర్పో మిగులును. అయినను దానిని చేయుమని ఆజ్ఞాపించువారుండరు. పిల్లవాడు తన యిచ్చచేతనే కష్టపడుట నేర్చుకొను చోటు అదియేయని మా తలంపు.

మా పెద్దవానికి తొమ్మిదేండ్లు, చిన్నవానికి ఆరేండ్లు. ఒక్క కడుపున పుట్టినను వారి స్వభావములు వేరు. పెద్దవాడు ప్రతిదానికిని "ఎందుచేత?" అని యడుగును, సమాధానము వచ్చువరకు కొంగు విడువడు. చిన్నవాడు ప్రశ్నించుట యరుదు. చేతితో ముట్టి చూచును. వాకిట ముగ్గు పెట్టుచుండగా ప్రక్కన గొంతుకూర్చుండి చుక్కలు లెక్కించుట వానికి పరమానందము. ఇద్దరికిని సరిపడు వ్యాసంగమును వెదకగా వెదకగా మాకు దొరకినది బట్టలపై రంగుల పని.

మన బందరు సీమకు ఇది పరాయి విద్య కాదు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పుటకు ఈ తీరపు బట్టలే ముఖ్యకారణము. హిందూదేశపు రంగుబట్టలపై మోజు ఐరోపాలో నెంత ప్రబలెననగా, తమ నేతగాండ్ర బ్రతుకు చెడునని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు సాగెను. ఇంగ్లండును 1700లోను 1721లోను అట్టి చట్టములు చేసెను. ఎంత ఉతికినను వెలయని రంగే ఆ మోజునకు మూలము. ఆ రంగునకు కావలసిన సామగ్రి మన వంటింటికి మిక్కిలి చేరువ: కరక్కాయ, బెల్లము, పటిక, తుప్పుపట్టిన ఇనుము.

చేయు విధము చెప్పెదము. క్రొత్త నూలుబట్టను రాత్రి నీట నానవైచి, మరునాడు గంజి పోవునట్లు ఉతికి ఆరవేయవలెను. కరక్కాయ పెచ్చులను మెత్తగా దంచి, ఆ పొడిని నీటిలో కలిపి, కొంచెము గేదెపాలు పోసి, అందు బట్టను ముంచి పిండి ఎండలో నారవేయవలెను. పాలలోని క్రొవ్వు పట్టియుండుటచే తరువాత పెట్టు రంగు చెదరి ప్రాకదు. ఇక నలుపునకు, ఒక మట్టికుండలో తుప్పుమేకులును తాటిబెల్లమును వేసి నీరు పోసి, గాలి పోవునట్లు పలుచని గుడ్డ కట్టి, రెండు మూడు వారములు నీడపట్టున నుంచవలెను. పులిసిన వాసన వచ్చును. వడగట్టిన నీరు చూచుటకు నల్లగా నుండదు. పలుచని గోధుమవన్నెగా నుండును. వెదురుపుల్లను ఆ నీట ముంచి బట్టపై గీచినచో గీత చూచుచుండగనే నల్లబడును.

ఈ వింతను చూచిన దినమున మా పెద్దవానికి అన్నము సహింపలేదు. "తెల్లని నీరు నలుపెట్లయ్యెను?" అని తండ్రి వెంటబడెను. మా వారు ఉపాధ్యాయులు గావున కారణము విప్పి చెప్పిరి. బెల్లము పులిసినప్పుడు పుట్టు ఆమ్లము ఇనుమును కరగించును. కరక్కాయలోని వగరునకు టానిన్ అని పేరు. ఈ రెండును కలిసినపుడు నూలుపోగులోపలనే నల్లని పదార్థము పుట్టును. అది నీట కరగదు గనుక ఉతికినను పోదు. ఐరోపాలో శతాబ్దములపాటు మాచికాయతోను ఇనుపలవణముతోను చేసిన వ్రాతసిరాకును ఇదియే సూత్రమట. అది వినినది మొదలు మా వంటింటిలో పెద్దవాని పరీక్షకు నిలువని ద్రవము లేదు. టీ కషాయము నల్లబడెను. దానిమ్మతొక్క నానిన నీరు నల్లబడెను. బియ్యము కడిగిన నీరు మారలేదు. ఇదంతయు వాడు ఒక కాగితముపై వ్రాసికొనుచున్నాడు.

చిన్నవాని మార్గము వేరు. బెండకాయను అడ్డముగా కోసి నల్లనీట ముంచి అద్దెను. ఐదు మూలల పువ్వు పడెను. అరటిమట్టను కోసి అద్దెను. తేనెపట్టువంటి గళ్లు పడెను. పువ్వుల చుట్టును ఎర్రదారము త్రిప్పిన బాగుండునని వానికే తోచి సూది యడిగెను. మేము మొద్దుసూది యొకటి యిచ్చి మొదట కాడకుట్టును, పిమ్మట గొలుసుకుట్టును చూపితిమి.

ఎరుపు కావలెనన్నచో పటికనీటితో అద్ది, బాగుగ ఆరిన పిమ్మట మంజిష్ఠవేరు కాచిన నీటిలో బట్టను మరిగింపవలెను. పటిక తగిలినచోట ఎరుపు గట్టిగా పట్టును. పూర్వము మన తీరపు ఇసుకనేలలలోని చిరివేరు ఈ యెరుపునకు ప్రసిద్ధి. జర్మనీ శాస్త్రజ్ఞులు 1868లో అలిజరిన్ అను ఎర్రరంగును ప్రయోగశాలలో తయారుచేసిన తరువాత అట్టి వేళ్ల కాలము తీరెను. పొయ్యిమీది పని మాత్రము పెద్దలే చేయవలెను. రంగునకు వాడిన గిన్నెను మరల వంటకు తేరాదు. సాయంకాలము సూదులను లెక్కపెట్టి తీసివేయుట మరువరాదు.

ఇంతవరకు చదివి, ఇది సులభమైన పనియేగదా యని మీరనుకొందురేమో! రంగు పట్టించుట సులభమే. పిల్లవాని పనిని పిల్లవానికే విడిచియుంచుట కష్టము.

మొదటి చిక్కు మా వారి ఉత్సాహమువలననే కలిగెను. వృత్తిధర్మము చొప్పున వారొక పట్టిక గీచి గోడకు తగిలించి, శుభ్రతకు పది, ఓర్పునకు పది, నేర్పునకు పది యని మార్కులు వేయసాగిరి. వారము తిరుగకముందే ఫలితము కనబడెను. పెద్దవాడు తొందరపడి, పులియని నీటితో గీచి బట్ట పాడుచేసెను. చిన్నవాడు కుట్టుకుట్టునకు "దీనికెన్ని?" అని యడుగసాగెను, అన్నకు నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినవని ఒకనాడు వెక్కివెక్కి యేడ్చెను. అప్పుడు మేము వారితో నొక్కమాట యంటిమి: "బడిలో మీరు వేయు మార్కులు చాలును, ఇంట నొక్క పనినైనను లెక్కకందక యుండనిండు." వారు నవ్వి పట్టికను తీసివేసిరి. పైని చెప్పిన పెద్దవాని ప్రయోగములన్నియు నిప్పుడు ఆ కాగితము వెనుకవైపుననే యున్నవి.

రెండవ చిక్కు ఇంతకంటె లోతైనది. సెలవులకు వచ్చిన దగ్గరి చుట్టమొకామె, మా అత్తగారి యీడుది, చిన్నవాని చేతిలో సూదిని చూచి, "ఓరి, ఆడపిల్లవైతివిరా! జడవేసి పూలు పెట్టనా?" అనెను. హాస్యమునకే యన్నది. కాని ఆరేండ్లవానికి హాస్యమేది, నింద యేది? వాడు మారుమాటాడక గుడ్డను చుట్టి బియ్యపుడబ్బా వెనుక దాచెను. రెండు దినములు దాని జోలికి పోలేదు. మేమడుగగా, "నాకు కుట్టుట రాదు" అనెను. ఎంతయో యిష్టముతో చేసిన పనిని రాదని పిల్లవాడు తానే చెప్పుట వినిన తల్లి మనసెట్లుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

పెద్దలకెదురు చెప్పుట మా యింటి పద్ధతి కాదు. ఆ రాత్రి డాబాపై పడకలు వేసికొన్న తరువాత, ఆమె వినుచుండగనే, పిల్లలకు విరాటపర్వకథ యెత్తుకొంటిమి. తిక్కనసోమయాజి భారతరచన నారంభించినది ఆ పర్వముతోనే గదా! భీముడు వలలుడై వంటశాల చేరెను. అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పెను. వంట చేసినందున భీముని బలము తగ్గెనా? నాట్యము నేర్పిన చేయి గోగ్రహణమునాడు గాండీవము నెత్తలేదా? పిమ్మట మాటలు మా యూరి దాపుననున్న కూచిపూడిమీదికి మరలెను. అచ్చటి భాగవతులలో తరతరములుగా పురుషులే స్త్రీవేషములు ధరించిరి. 2012లో దివంగతులైన వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను గూర్చి మేము చెప్పబోవునంతలో ఆ పెద్దామెయే లేచి కూర్చుండి, "నేను చూచితిని! ఆ నడక, ఆ జడ విసరు చూచి ఆడవారము మేమే సిగ్గుపడితిమి" అని పిల్లలకు చేతులు త్రిప్పి చూపెను. మరునాడుదయము చిన్నవాని గుడ్డను తానే వెదకి తెచ్చి, ముడి కనబడకుండ దారము త్రెంచుట నేర్పెను.

కథ సుఖముగ ముగిసినదని మేము చెప్పజాలము. నేటికిని వీధిపిల్లలు గుమ్మములోనికి వచ్చినచో చిన్నవాడు గుడ్డను మోకాలిక్రిందికి నెట్టును. ఒక్కమాట చేసిన గాయము ఒక్క కథతో మానదు.

వానికి కొంత ధైర్యము పెడనలో గలిగెను. గుడివాడనుండి బందరునకు పోవు రైలుమార్గముననే పెడన యున్నది. అద్దకపు పనివారు పెక్కుమంది యచ్చట గలరు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి అధ్యక్షత వహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయగారి వంటివారు ఇట్టి కళలకు మరల ప్రాణము పోసిరి. మేము చూచిన కార్ఖానాలో పొడుగుబల్లల యొద్ద నిలిచి అచ్చు వేయువారందరును పురుషులే. అచ్చులు టేకుకొయ్యతో చెక్కినవి. రంగు కొక యచ్చు. అచ్చును రంగుపై నొత్తి, బట్టపై నుంచి, పిడికిలితో నొక్క దెబ్బ వేయుదురు. గీతకు గీత కలియవలెను. వెంట్రుకవాసి తప్పినను కనబడును. మా చిన్నవాడు సంచిలోనుండి తన గుడ్డను మెల్లగా తీసి ఒక పనివానికి చూపెను. ఆయన నవ్వలేదు, మెచ్చుకొననులేదు. వ్రేలితో బట్టను రాచి చూచి, "కరక్కాయ సరిగా పట్టలేదు బాబూ, ఇంకొక ముంపు వేయి" అనెను. తోటి పనివానితో మాటాడునట్లే మాటాడెను. ఇంటికి వచ్చినదాక వాడు ఆ మాటను పదిసార్లు మాకు చెప్పెను. ముప్పదికి ముప్పది మార్కులు వచ్చినను వాని మొగమున నంత వెలుగు ఉండెడిది కాదు.

సోదరీమణులారా! సెల్‌ఫోనును లాగికొన్నంతమాత్రమున కార్యము నెరవేరదు. ఖాళీయైన చేతికి వేరొక పని నందీయవలెను. రంగులే కానక్కరలేదు. గింజలు కూర్చుట, తాటాకు అల్లుట, మొక్క పెంచుట, ఏదైనను సరియే. వసారాలో నొక మూల వారిదని విడువుడు. ప్రొద్దు గ్రుంకినదని ప్రతిదినము దానిని సర్దివేయకుడు. మొదలిడిన దానిని ముగింపుమని చెప్పుడు, కాని తొందరపెట్టకుడు. వారి పనిని చిత్రములు తీసి బంధువులకెల్ల పంపకుడు. నలుగురి మెప్పునకు అలవడిన చేయి మెప్పులేనిచో కదలదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇది మగవాని పని, ఇది ఆడుదాని పని యను మాటను ఆ మూలలోనికి రానీయకుడు. నేడు సూది పట్టినవాడు రేపు తన చొక్కా గుండీ తాను కుట్టుకొనును. ఎల్లుండి వాని యింట నొక యాడుదానికి ఆ మేరకు శ్రమ తగ్గును. మగపిల్లలను పెంచు తల్లులము మనము; ఆ పుణ్యము మన చేతిలోనిదే.