పొగ కనబడితే నోరు విప్పాలి

1991 జూలై 11 ఉదయం జెద్దా విమానాశ్రయం నుంచి ఒక డీసీ-8 విమానం నైజీరియాలోని సొకోటోకు బయలుదేరింది. హజ్ ముగించుకుని ఇళ్లకు వెళుతున్న యాత్రికులు 247 మంది, సిబ్బంది 14 మంది అందులో ఉన్నారు. రన్‌వే మీద పరుగెడుతుండగానే టైర్లు పగిలాయి. చక్రం తిరగడం ఆగి, నేలకు రాసుకుని నిప్పు పుట్టింది. నిప్పంటుకున్న సంగతి తెలియని పైలట్లు విమానాన్ని పైకి లేపి, మండుతున్న చక్రాలను లోపలికి ముడిచారు. మంట పొట్టలోకి పాకింది. వెనక్కి తిప్పి దించబోతే, రన్‌వే ఇంకా మూడు కిలోమీటర్ల లోపు దూరంలో ఉండగానే విమానం కూలిపోయింది. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

సరిగ్గా ముప్పైమూడేళ్లకు, 2024 జూలై 11న, రియాద్ నుంచి వెళ్లిన సౌదియా విమానం పాకిస్తాన్‌లోని పెషావర్‌లో దిగింది. ఎడమవైపు చక్రాల దగ్గర పొగ, నిప్పురవ్వలు కంట్రోలు టవర్ వాళ్ల కంట పడ్డాయి. వెంటనే పైలట్లకు చెప్పారు, ఫైరింజన్లకు కబురు పెట్టారు. 276 మంది ప్రయాణికులు, 21 మంది సిబ్బంది గాలితో ఉబ్బే జారుడుబల్లల మీదుగా దిగి ప్రాణాలతో బయటపడ్డారు.

రెండూ ఒకేలాంటి ప్రమాదాలని అనడం లేదు. ఒకటి గాలిలో ముదిరింది, ఇంకొకటి నేల మీదే దొరికింది. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గల్ఫ్‌లో చెమటోడ్చే మనవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పెషావర్‌లో చూసినవాళ్లు చెప్పారు, విన్నవాళ్లు కదిలారు. జెద్దాలో కూడా చూసినవాళ్లున్నారు. వినేవాళ్లే కరువయ్యారు.

ఆ విమానం టైర్లలో గాలి తక్కువగా ఉందని మెకానిక్కులకు ముందే తెలుసని దర్యాప్తులో బయటపడింది. నింపడానికి నైట్రోజన్ చేతికందలేదు. దానికోసం ఆగితే ఆలస్యమవుతుందని పనులు చూసే మేనేజరు ఒప్పుకోలేదు. అలాగే పంపేశారు. గాలి తగ్గిన టైరు మోయాల్సిన బరువు పక్క టైరు మీద పడింది. రన్‌వే చేరేదాకా నేల మీద చాలా దూరం నడిచేసరికి రెండూ వేడెక్కిపోయాయి. ఒకటి పగిలింది, దాని వెనకే రెండోది. గంటో రెండు గంటలో ఆలస్యాన్ని తప్పించుకోబోయి 261 ప్రాణాలను పోగొట్టారు.

విమానం చక్రం అంటే లారీ చక్రం లాంటిది కాదు. కారు టైరులో ముప్పై పౌండ్ల చిల్లర ఒత్తిడి ఉంటే, పెద్ద విమానం టైరులో 200 పౌండ్ల దాకా ఉంటుంది. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో నేలను తాకిన విమానాన్ని ఆపేటప్పుడు ఆ వేగంలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. టేకాఫ్‌ను మధ్యలో ఆపాల్సి వస్తే వేడి ఇంకా ఎక్కువ. విమానం ఆగిన తర్వాత కూడా ఆ వేడి బ్రేకుల నుంచి చక్రానికి, టైరుకు పాకుతూనే ఉంటుంది. అంటే ఆగినప్పుడు మామూలుగా కనబడిన చక్రం కొన్ని నిమిషాల తర్వాత పొగలు కక్కవచ్చు. వేడి హద్దు దాటితే కరిగిపోయి గాలిని వదిలేసే ఫ్యూజు ప్లగ్గులు చక్రంలో ఉంటాయి. అవి పనిచేయకపోతే టైరు బాంబులా పేలుతుంది.

టైర్లలో మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపాలనే నియమం వెనక కూడా చావులున్నాయి. 1986 మార్చి 31న మెక్సికోలో బ్రేకు పట్టేసి వేడెక్కిన టైరు గాలిలోనే పేలి బోయింగ్ 727 కూలిపోయింది. 167 మంది చనిపోయారు. ఆ టైరులో ఉన్నది నైట్రోజన్ కాదు, మామూలు గాలి.

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. గల్ఫ్ విమానాశ్రయాల్లో సామాన్లు ఎక్కించేవాళ్లలో, విమానాలు కడిగేవాళ్లలో, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టేవాళ్లలో మన జిల్లాల కుర్రాళ్లున్నారు. విమానం వచ్చి ఆగగానే చక్రం దగ్గరికి మొదట వెళ్లేది వాళ్లే. పొగ గానీ, కాలిన వాసన గానీ ముందు తెలిసేదీ వాళ్లకే.

అప్పుడేం చేయాలి? చక్రం దగ్గరికి పోకూడదు. సూపర్‌వైజరుకు, ఫైర్ స్టేషనుకు వెంటనే చెప్పాలి. చక్రం పక్కవైపు అస్సలు నిలబడకూడదు. పేలితే రిమ్ము ముక్కలు ఎక్కువగా ఇరుసు వెంబడి పక్కలకే ఎగురుతాయి. అందుకే ఫైర్ సిబ్బంది కూడా ముందు నుంచో వెనక నుంచో మాత్రమే దగ్గరికి వెళతారు. మంట లేకుండా ఉత్త వేడి మాత్రమే ఉంటే నీళ్లు గుమ్మరించరు, దూరంగా ఉండి దానంతటది చల్లారనిస్తారు. ఎర్రగా కాలిన లోహం మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. కనుక మనవాడు బక్కెట్టుతో సాహసం చేయనక్కర్లేదు. ఆ సమయంలో నోరు విప్పి చెప్పడమే పెద్ద సాయం.

నోరు విప్పడమే మనకు కష్టం. కఫీల్ ఏమంటాడో, ఫోర్‌మన్ జీతం కోస్తాడేమో, ఉన్న పని ఊడితే ఊళ్లో అప్పు ఎవరు తీరుస్తారో అనే భయం. ఆ భయం ఉత్తదని చెప్పి చేతులు దులుపుకోలేము. అందుకే ఈ బాధ్యతను కూలివాడి ధైర్యానికి వదిలేయకూడదు. ప్రమాదం ఉందని చెప్పినవాడికి, చివరికి అది తప్పుడు అనుమానమే అయినా, శిక్ష పడకూడదు. ఈ మాటను కంపెనీ రాతపూర్వకంగా, అతనికి వచ్చిన భాషలో ఇవ్వాలి.

ఇక చుట్టీ మీద ఇంటికి బయలుదేరిన రోజు మనమంతా ప్రయాణికులమే. 2025 జూలై 26న అమెరికాలోని డెన్వర్‌లో టేకాఫ్ తీసుకోబోతున్న విమానం చక్రాల్లో లోపం వచ్చి ఆగింది, బ్రేకుల దగ్గర మంట లేచింది. లోపలున్న 179 మందీ బతికారు. కానీ చంటిబిడ్డతో పాటు సంచి కూడా పట్టుకుని జారిన మనిషిని లోకమంతా వీడియోలో చూసింది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చి దుబాయ్‌లో కూలిన విమానంలోనూ ఇంతే. అది టైరు మంట కాదు, కానీ పొగ కమ్ముకుంటున్నా చాలామంది పైనున్న సంచుల కోసం వెతుకుతూ నిలబడ్డారు. అందులోని 300 మందీ బయటపడ్డారు. వాళ్ల కోసం వచ్చిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు పేలుడులో ప్రాణం పోగొట్టుకున్నారు.

సంచి వదలడం మనవాళ్లకు ఎందుకు కష్టమో తెలియనిది కాదు. అందులో పాస్‌పోర్టుంది, అకామా ఉంది, చెల్లి పెళ్లికి కొన్న బంగారముంది. రెండేళ్ల కష్టం ఆ సంచిలో ఉంది. కానీ సగం తలుపులు మూసి ఉన్నా, అందరూ తొంభై సెకన్లలో దిగగలరని పరీక్ష చేసి నిరూపించాకే విమానానికి అనుమతి ఇస్తారు. ఆ లెక్కలో సంచులు లేవు. ఒకరు సంచి కోసం ఆగితే వెనకున్న యాభై మంది ఆగుతారు. అందుకే విమానం ఎక్కేముందే పాస్‌పోర్టు, అకామా, ఫోను చొక్కా లోపలి జేబులోనో మెడలో వేసుకునే చిన్న సంచిలోనో పెట్టుకోవాలి. అప్పుడు పెద్ద సంచి వదలడానికి మనసొప్పుతుంది. ఇంకో మాట. పొగ కనబడగానే చేతికందిన తలుపు తీయకూడదు, మంట ఆ వైపే ఉండవచ్చు. సిబ్బందికి చూపించాలి, వాళ్లు తీసిన తలుపులోంచే దిగాలి.

అయితే వాళ్లు చెప్పేది అర్థం కావాలి కదా! ఊరి బడిలో నాలుగు తరగతులు చదివి కువైట్‌లో ఇంటిపనికి వచ్చిన కడప జిల్లా అక్కకు, మస్కట్‌లో మట్టి మోసే జగిత్యాల తమ్ముడికి ఇంగ్లీషులో, అరబిక్‌లో వినిపించే జాగ్రత్తలు చెవిన పడతాయి గానీ తలకెక్కవు. హైదరాబాదుకు నిండుగా మనవాళ్లనే మోసుకొచ్చే విమానాల్లో ఆ నాలుగు మాటలు తెలుగులో రికార్డు చేసి వినిపించడానికి ఎంత ఖర్చవుతుంది? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు విమాన సంస్థలను ఈ మాట అడగాలి. గల్ఫ్‌లోని తెలుగు సంఘాలు ఉగాది సభల్లో పది నిమిషాలు దీనికి కేటాయించాలి. విదేశాలకు పంపేముందు ఇచ్చే శిక్షణలో విమానం దిగే పద్ధతి కూడా నేర్పాలి.

చక్రం దగ్గర లేచిన పొగ మనిషికి కొన్ని నిమిషాల గడువిస్తుంది. జెద్దాలో అంతకంటే ఎక్కువ గడువే దొరికింది. దాన్ని వాడుకోనివ్వలేదు. మన పిల్లలు పనిచేసే చోట, మనం ఎక్కే విమానంలో అలా జరగకూడదంటే చూసినవాడు చెప్పాలి, చెప్పినవాడి మాట వినాలి, ఆ మాట అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి.