‘ప్యానెల్ పోయింది’ అన్నారా? ముందు టార్చ్ వేసి చూడండి

టీవీ స్క్రీన్ మిణుకుమిణుకుమనడం మొదలైతే ఏ ఇంట్లోనైనా జరిగేవి మూడు పనులు. ఒకరు టీవీ వెనకాల తడతారు. ఇంకొకరు రిమోట్‌ని అరచేతికేసి కొడతారు. మూడోవాళ్లు ఫోన్ తీసి కొత్త టీవీల ఆఫర్లు వెతుకుతారు. అసలు లోపం ఎక్కడుందో కనుక్కుందామని మాత్రం ఎవరికీ తోచదు. దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఓ పావుగంట టైమ్, చేతిలో ఫోన్ ఉంటే చాలు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, ‘ప్యానెల్ పోయింది’ అనేది చాలా ఖరీదైన మాట. ఎల్ఈడీ టీవీలో అన్నిటికన్నా ఎక్కువ ధర ప్యానెల్‌దే. దాన్ని మార్పించే బదులు కొత్త టీవీ కొనడమే నయమనిపిస్తుంది. కానీ స్క్రీన్ మిణుకుమన్న ప్రతిసారీ తప్పు ప్యానెల్‌ది కాదు. అందుకే తేలికైన వాటి నుంచి ఒక్కొక్కటే తీసేసుకుంటూ రావాలి.

ఒక చిన్న విషయం. టీవీని ఫోన్ కెమెరాలో చూస్తే గీతలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. దాన్ని చూసి కంగారు పడొద్దు. వెలుతురు తగ్గించడానికి చాలా టీవీలు లోపలి లైట్లను సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కెమెరాకు అది దొరుకుతుంది, మన కంటికి దొరకదు. కంటికి కనిపిస్తేనే రిపేరు గురించి ఆలోచించండి.

మొదటి పరీక్ష మెనూది. స్క్రీన్ మిణుకుమంటున్నప్పుడు రిమోట్‌లో టీవీ సెట్టింగ్స్ నొక్కండి. బొమ్మ అదురుతున్నా మెనూ కదలకుండా నిలబడిందా? అయితే టీవీ దాదాపు క్షేమమే. గొడవ సెట్‌టాప్ బాక్స్‌లోనో, హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లోనో ఉంది. కేబుల్ రెండు వైపులా తీసి గట్టిగా పెట్టండి. వేరే పోర్టులో పెట్టి చూడండి. ఇంకో కేబుల్ అడిగి తెచ్చి మార్చి చూడండి. బొమ్మ మీద చుక్కలు మెరవడం, రెండు మూడు సెకన్లు నల్లగా అయి మళ్లీ రావడం ఎక్కువగా కేబుల్ లక్షణాలే.

మెనూ కూడా వణుకుతోందంటే కరెంటు సంగతి చూడాలి. సాకెట్‌లో ప్లగ్ వదులుగా ఉందేమో చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. ఫ్రిజ్ కంప్రెసరో, నీళ్ల మోటారో ఆన్ అయినప్పుడే ఇలా అవుతోందా? అయితే టీవీని వదిలేసి ఇంటి వైరింగ్, వోల్టేజీ చూపించుకోండి. సీన్‌ని బట్టి వెలుతురు మెల్లగా పెరిగి తగ్గుతుంటే అది లోపం కాకపోవచ్చు. పిక్చర్ సెట్టింగ్స్‌లో పవర్ సేవింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేసి మళ్లీ చూడండి.

ఇక నాకు బాగా నచ్చిన టార్చ్ పరీక్ష. సౌండ్ వస్తోంది, బొమ్మ మాత్రం రెపరెపలాడి చీకటైపోతోంది అనుకోండి. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని స్క్రీన్‌కి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టండి. లోపల మనుషులు, అక్షరాలు మసకమసకగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్ బొమ్మను చక్కగా గీస్తున్నట్టే. దాని వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ వెలగడం లేదు, అంతే. ఈ పరీక్ష ఎల్‌సీడీ ప్యానెల్ ఉన్న ఎల్ఈడీ టీవీలకే. ఓఎల్ఈడీలో విడిగా బ్యాక్‌లైట్ ఉండదు కాబట్టి దానికి పనికిరాదు.

బ్యాక్‌లైట్ అంటే పట్టీల మీద వరుసగా బిగించిన చిన్న ఎల్ఈడీలు. పండక్కి కట్టే సీరియల్ సెట్ గుర్తుందిగా? ఒక్క బల్బు పోతే ఆ వరుసంతా ఆరిపోతుంది. ఇక్కడా చాలావరకు అదే కథ. ఒక ఎల్ఈడీ వేడెక్కినప్పుడల్లా కాంటాక్ట్ వదిలేస్తుంటే స్క్రీన్ మిణుకుమంటుంది. అది పూర్తిగా పోతే, దాన్ని నడిపే సర్క్యూట్ మొత్తం లైట్లనే ఆపేస్తుంది.

మా పెద్దమ్మ వాళ్లింట్లో జరిగింది ఇదే. మెకానిక్ టీవీని విప్పకుండానే ‘ప్యానెల్ పోయిందమ్మా, కొత్తది తీసుకోండి’ అని చెప్పి వెళ్లాడు. ఆవిడ వాయిదాల లెక్కలు వేసుకుంటుంటే నేను టార్చ్ వేసి చూపించాను. సీరియల్ లోపల నడుస్తూనే ఉంది! వేరే మెకానిక్‌ని పిలిచి బ్యాక్‌లైట్ పట్టీలు మార్పించాం. కొత్త టీవీ ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఏ మూలకీ రాదు.

నిజంగా ప్యానెల్ పోయిందనిపించే గుర్తులూ ఉన్నాయి. తగిలిన చోట సాలెగూడులా పగుళ్లు, సిరా ఒలికినట్టు నల్ల మరక, ఎప్పుడూ ఒకేచోట నిలిచిపోయిన నిలువు గీతలు. గీతలకు మాత్రం లోపలి రిబ్బన్ కేబుల్ వదులవడం, టీ-కాన్ బోర్డు చెడటం కూడా కారణం కావచ్చు. వాటిని చూశాకే ప్యానెల్ మాట ఎత్తమనండి.

యూట్యూబ్ చూసి వెనక మూత మాత్రం విప్పొద్దు. 230 వోల్టుల కరెంటు పవర్ బోర్డు లోపల 300 వోల్టులు దాటిన డీసీగా మారుతుంది. ప్లగ్ పీకేసినా అది కొంతసేపు కెపాసిటర్‌లో నిలిచే ఉండొచ్చు. పైగా బ్యాక్‌లైట్ దాకా వెళ్లాలంటే పల్చటి గాజు ప్యానెల్‌ని ఎత్తి పక్కన పెట్టాలి. చెయ్యి జారితే ఆ ఖరీదైన మాట అప్పుడు నిజమవుతుంది.

మెకానిక్ వచ్చినప్పుడు ‘టీవీ పాడైంది’ అనొద్దు. ‘మెనూ కూడా మిణుకుమంటోంది, కేబుల్ మార్చి చూశాం, టార్చ్ వేస్తే బొమ్మ కనిపిస్తోంది’ అని చెప్పండి. పట్టీలు మారుస్తుంటే ఒక్క ఎల్ఈడీతో సరిపెట్టకుండా సెట్ మొత్తం మార్చమనండి. మిగతావీ అంతే పాతవి కదా. తీసిన పట్టీలు చూపించమనండి, బిల్లు తీసుకోండి. వారంటీ ఉంటే బయటివాళ్లతో విప్పించకుండా కంపెనీ సర్వీసుకే ఫోన్ చేయండి. అక్కడ మాట మారిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

టీవీ బాగయ్యాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్‌ని వందలో అరవై దగ్గర ఉంచండి. రాత్రిపూట కంటికీ హాయి, లోపలి ఎల్ఈడీలకూ వేడి తక్కువ. ఇప్పుడు మీ టీవీ బాగానే ఉన్నా, ఈ సెట్టింగ్ ఈ రాత్రే మార్చేయండి.