లెక్కలు వేరు, గణితం వేరు

మా అమ్మాయి అర్థశాస్త్రంలో డాక్టరేటు చేస్తానన్నప్పుడు నేను నిశ్చింతగానే ఉన్నాను. చిన్ననాటి నుండి లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్న పిల్ల! కాని ఇక్కడి కళాశాలలో మూడవ సంవత్సరం రియల్ అనాలిసిస్ తరగతిలో చేరిన నెలకే, "నాన్నా, నాకు గణితం రాదేమో" అని కంటతడి పెట్టింది. అవధి అంటే ఏమిటో నిర్వచించమంటే, రసాయన శాస్త్రంలో పరిశోధన చేసే నేనూ తడబడ్డాను.

తప్పు ఆమెది కాదు, మనది. మన పిల్లలకు వేగంగా లెక్క కట్టడం నేర్పాము. అది ఎందుకు నిజమో నిరూపించడం నేర్పలేదు.

ఉన్నత అర్థశాస్త్రం కోరేది ఈ రెండవ విద్యనే. 1954లో కెన్నెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ కలిసి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం ఏ వస్తువుకూ ధర కట్టలేదు. అన్ని విపణులలోను గిరాకీనీ సరఫరానీ ఒకేసారి సరితూచే ధరలు అసలు ఉంటాయా అని ప్రశ్నించి, ఏ షరతులలో ఉంటాయో నిరూపించింది.

రసాయన శాస్త్రజ్ఞుడికి ఇందులో పనేమిటని మీరు అడుగవచ్చు. సమతాస్థితిని గురించి మేము చదువుకొన్న లె షాటెలియే నియమాన్ని పాల్ శామ్యూల్సన్ 1947లో తన గ్రంథం ద్వారా అర్థశాస్త్రంలోకి తెచ్చాడు. పెట్రోలు ధర పెరిగితే మొదట కారు కాస్త తక్కువ నడుపుతాము. ఏళ్లు గడిస్తే చిన్న కారు కొంటాము, ఉద్యోగానికి దగ్గరగా ఇల్లు మారుతాము. వాడకం మరింత తగ్గుతుంది. ఇది ఎవరికైనా తోచేదే. ఏ షరతులలో ఇది తప్పక జరుగుతుందో చెప్పగలిగేది మాత్రం గణితమే.

కనుక తల్లిదండ్రులకు నా మనవి. అనేక చరరాశుల కలనం, రేఖీయ బీజగణితం, సంభావ్యతా శాస్త్రం మొదటి రెండేళ్లలోనే ముగించమనండి. నిరూపణలతో కూడిన గణితాన్ని చివరి ఏటికి వాయిదా వేయనీయకండి. ఒక సిద్ధాంతం చదివిన పిదప పుస్తకం మూసి, నిరూపణను తామే వ్రాయమనండి. ఒక్కొక్క షరతునే తొలగించి, నిరూపణ ఎక్కడ కూలుతుందో చూడమనండి. మార్కులు తగ్గితే మందలించకండి.

మా అమ్మాయి ఆ తరగతిని వదలలేదు. వంటింటి బల్ల దగ్గర ఒక్కొక్క నిరూపణకు ఒక్కొక్క సాయంత్రం గడిపాము. చివరికి ఆమెకు వచ్చినది బి గ్రేడు. మునుపటి నూటికి నూరులన్నిటికంటె నాకు అదే విలువైనది.