టిమ్ ఎటువైపు?

పుస్తకం పేరులోనే అన్న చావు చెప్పేసి మొదలుపెట్టే నవల ‘మై బ్రదర్ శామ్ ఈజ్ డెడ్’. అన్నదమ్ములు జేమ్స్ లింకన్ కాలియర్, క్రిస్టఫర్ కాలియర్ కలిసి రాశారు, 1974లో వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలం. కనెక్టికట్‌లోని రెడ్డింగ్ ఊళ్లో సత్రం నడుపుకునే మీకర్ రాజుకు విధేయుడు. పెద్దకొడుకు శామ్ యేల్‌లో చదువు మానేసి, నాన్న తుపాకీ ఎత్తుకుపోయి తిరుగుబాటు సేనలో చేరతాడు. కథ చెప్పేది చిన్నవాడు టిమ్.

వీడికి నిలకడ లేదేమిటని విసుక్కునే పాఠకులుంటారు. నేను మాత్రం టిమ్ పక్షమే. మొదట వాణ్ణి కదిలించింది సిద్ధాంతం కాదు, అసూయ. అన్నకు దక్కిన గొప్ప తనకూ కావాలని రాజపక్షం ఉత్తరం మోయడానికి ఒప్పుకుంటాడు. పశువుల్ని అమ్మి తిరిగొస్తుండగా, దేశభక్తుల పేరు చెప్పుకునే దోపిడీముఠా నాన్నను పట్టుకుపోతుంది. దాంతో అన్న పక్షమంటే ఒళ్లుమంట. 1777 ఏప్రిల్‌లో డాన్‌బరీ మీదికి పోతున్న బ్రిటిష్ దండు వాళ్ల ఊరి మీదుగా వెళుతుంది. నెడ్ అనే నల్లజాతి బానిస తలను సైనికుడు నరకడం టిమ్ కళ్లారా చూస్తాడు. రాజు మీద మోజు కూడా ఆ పూటతో సరి.

మన దగ్గర పార్టీ ఫిరాయించినవాడికి ఎంతోకొంత గిడుతుంది. టిమ్‌కు మారిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది.

రాజభక్తుడైన తండ్రి చివరికి బ్రిటిష్‌వాళ్ల ఖైదీల ఓడలోనే కలరాతో చనిపోతాడు. తమ ఇంటి పశువుల్ని దొంగిలిస్తున్న సొంత సేన సైనికుల్ని పట్టుకోబోయిన శామ్ మీదే ఆ దొంగతనం మోపుతారు. మిగతావాళ్లకు భయం ఉండాలని జనరల్ పట్నం అతన్ని కాల్పిస్తాడు. శామ్ కల్పితుడే గాని పట్నం కాదు. 1778–79 చలికాలంలో ఆయన సేన నిజంగానే రెడ్డింగ్‌లో విడిది చేసింది. క్రిస్టఫర్ చరిత్రకారుడు మరి.

1990లలో అమెరికా గ్రంథాలయాల్లో తరచూ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల్లో ఇదీ ఒకటి. నా అభ్యంతరం వేరు. చివర్లో ముసలి టిమ్ చేత, యుద్ధం లేకుండా స్వాతంత్ర్యం వచ్చేది కాదా అని రచయితలు అడిగిస్తారు. ఎందుకు? బాయ్‌నెట్ పట్టుకుని అన్నను విడిపించబోయి, చీకట్లో ఖాళీ ఖైదులోకి దాన్ని విసిరిన కుర్రవాడు ఆ మాట అప్పుడే అడిగేశాడు కదా.

– పుస్తకప్రియ