డెమో కుర్చీ పక్కనే అడ్మిషన్ టేబుల్

కనిగిరిలో రాత్రి బస్సెక్కి, తెల్లారి ఎల్బీనగర్‌లో దిగి, అమీర్‌పేటలో మెట్రో మారి హైటెక్ సిటీ చేరి, అక్కణ్నుంచి ఆటోలో హైటెక్స్ గేటు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. బీటెక్ పూర్తయిన ఏడాది హైదరాబాద్ కామిక్ కాన్‌కి నేను వెళ్లిన తీరు అది. ఇంకా విడుదల కాని ఓ గేమ్ డెమో కోసం గంటన్నర లైన్లో నిలబడితే, కుర్చీలో కూర్చోనిచ్చింది పన్నెండు నిమిషాలు. తిరుగు బస్సులోనే ఫోన్లో టైప్ చేసి బ్లాగులో పెట్టేశా, 'అదిరిపోయింది, ఈ ఏడాదికి ఇదే గేమ్' అని. ఆ గేమ్ చెప్పిన తేదీకి రాలేదు. వచ్చాక చూస్తే నేను ఆడిన లెవెల్ అందులో లేనే లేదు. ఆ పోస్టు మాత్రం ఇప్పటికీ ఉంది. సిగ్గుకోసం ఉంచా.

అది నా ఒక్కడి సిగ్గుతో పోయుంటే ఈ పేజీలో రాసేవాణ్ని కాదు. మా వీధిలో నాకంటే నాలుగేళ్లు చిన్నోడు ఒకడు దాన్ని చదివి, తర్వాత అలాంటి వేడుకకే వెళ్లాడు. డెమో ఆడి లేచాడో లేదో, పక్క స్టాల్‌లో 'గేమ్ డిజైన్ డిప్లొమా, ఈరోజు చేరితే ఫీజులో రాయితీ' అన్నారట. వాళ్ల నాన్న జామాయిల్ కర్ర అమ్మిన డబ్బులో ఇరవై వేలు అక్కడే ఫోన్‌పే కొట్టాడు. నెల తిరక్కుండానే తెలిసింది, అక్కడ చెప్పేది యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే పాఠాలే అని. డబ్బు వెనక్కి అడిగితే, వాడు చదవకుండా సంతకం పెట్టిన కాగితం చూపించారు.

నేను వెళ్లొద్దని చెప్పను. వెళ్లండి, వీలైతే ఫ్రెండ్స్‌తో వెళ్లండి. కానీ టికెట్ డబ్బుకి సరిపడా ఏం తెచ్చుకోవాలో తెలుసుకుని వెళ్లండి.

మొదట డెమో అంటే ఏంటో చూద్దాం. పెళ్లికి ముందు వంటమేస్త్రి ఇంటికొచ్చి గిన్నెడు పులిహోర చేసి రుచి చూపిస్తాడు. దాన్నిబట్టి చేయి ఎలాంటిదో తెలుస్తుంది. వెయ్యి మందికి వేళకి వడ్డించగలడా అన్నది మాత్రం తెలియదు. గేమ్ స్టూడియోలు కూడా అంతే. మొత్తం గేమ్‌లోంచి ఒక చిన్న ముక్కని మాత్రం పూర్తిగా చెక్కి చూపిస్తాయి. దాన్నే 'వర్టికల్ స్లైస్' అంటారు. అది నడిచేది మన ల్యాప్‌టాప్‌లో కాదు, స్టాల్‌లో పెట్టిన ఖరీదైన కంప్యూటర్‌లో. ఎక్కడైనా ఇరుక్కుపోతే రీస్టార్ట్ చేయడానికి వెనకే మనిషి నిలబడి ఉంటాడు.

సైబర్‌పంక్ 2077 సంగతి చాలామందికి తెలిసిందే. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2018లో అమెరికాలోని ఈ3 వేడుకలో తలుపులు మూసి విలేకరులకి డెమో చూపించింది. చూసినవాళ్లంతా ఆకాశానికెత్తారు. 2020 డిసెంబరు 10న గేమ్ వచ్చింది. పాత ప్లేస్టేషన్లలో అది ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. దీనికి తలకిందులు కథ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు 2019లో అదే ఈ3లో సిల్క్‌సాంగ్‌ని ఆడనిచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఇక రాదులే అని జనం జోకులేసుకున్నారు. 2025 సెప్టెంబరు 4న వచ్చింది, మెప్పించింది కూడా. రెండు డెమోలూ బాగానే ఉన్నాయి. ఏది ఎటు తేలుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు.

ఆ ఈ3 కూడా ఇప్పుడు లేదు. 1995లో మొదలై, 2023 డిసెంబరులో శాశ్వతంగా మూతపడింది. కంపెనీలు సొంతంగా వీడియోలు వదలడం మొదలుపెట్టాక అంత ఖర్చు పెట్టి స్టాల్ వేయడం దండగనిపించింది. మన దగ్గర మాత్రం నడక ఎదురు దిశలో ఉంది. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కొచ్చింది. మొదట్లో కామిక్స్, వేషాలు, టీషర్టులే. 2024లో నాడ్విన్ గేమింగ్ దాన్ని కొన్నాక గేమ్‌ల వాటా ఇంకా ముందుకొచ్చింది. దీంతోపాటు ఐజీడీసీ అనే ఇంకో సదస్సు ఉంది. చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది. అది ఫ్యాన్ల కోసం కాదు, గేమ్‌లు తయారుచేసేవాళ్ల కోసం. ఉద్యోగం వెతికేవాళ్లకి పనికొచ్చే మాటలు అక్కడ ఎక్కువ దొరుకుతాయి, సెల్ఫీలు తక్కువ.

మన దేశపు గేమ్‌ల స్టాల్ కనిపిస్తే మాత్రం విదేశీ గేమ్ లైన్ వదిలేసి అక్కడికెళ్లండి. ముంబయికి చెందిన అండర్‌డాగ్స్ స్టూడియోది 'ముక్తి' అనే గేమ్ ఉంది. ఒక మ్యూజియంలో నడిచే కథ, మనుషుల అక్రమ రవాణా గురించి. సోనీ ఇండియా హీరో ప్రాజెక్టుకి ఎంపికైన వాటిలో ఇదొకటి. ఇలాంటి చిన్న స్టూడియోల స్టాల్‌లో కుర్చీ వెనక నిలబడేది జీతానికొచ్చిన వాలంటీర్ కాకపోవచ్చు, కోడ్ రాసినవాడే అయ్యుండొచ్చు. ఏ ఇంజిన్ వాడారు, ఎంతమంది చేశారు, తక్కువ ర్యామ్ ఫోన్‌లో ఎందుకు ఆగిపోతోంది, టెస్టింగ్ ఎవరు చేస్తారు, ఇవన్నీ అడగొచ్చు. నేను ఆ రోజు అడిగింది ఒక్కటే: 'బ్రో, రిలీజ్ ఎప్పుడు?' దానికి సమాధానం పోస్టర్ మీదే ఉంది.

ఆడేటప్పుడు కూడా ఆటగాడిలా కాకుండా టెస్టర్‌లా ఆడి చూడండి. గోడకి అడ్డంగా నడవండి, మాటల మధ్యలో మెనూ తెరవండి, ఒకేసారి రెండు బటన్లు నొక్కండి. ఏదైనా తేడా కనిపిస్తే బయటికొచ్చి కూర్చుని రాసుకోండి: ఏం చేస్తే తప్పు వచ్చింది, వరసగా అడుగులేంటి, ఏం జరగాల్సింది, ఏం జరిగింది, మళ్లీ చేస్తే మళ్లీ వచ్చిందా. బగ్ రిపోర్ట్ అంటే ఇదే. క్యూఏ ఉద్యోగంలో రోజూ చేసే పని ఇదే. గేమ్‌లకే కాదు, బ్యాంక్ యాప్ టెస్ట్ చేసే కంపెనీ ఇంటర్వ్యూలో కూడా ఇది చూపించుకోవచ్చు.

ఇక్కడ ఇంకో మాట దాచకూడదు. గేమ్ ఉద్యోగాలు ఇప్పుడు వెల్లువలా లేవు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. మన దేశంలో పుణెలో యూబీసాఫ్ట్, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, 2019లో ధ్రువను కొన్నాక బెంగళూరులో పెరిగిన రాక్‌స్టార్ లాంటివి ఉన్నాయి. కానీ ఏ స్టాల్ వాడైనా 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అంటే నవ్వేసి ముందుకెళ్లండి. మరీ మొహమాటమైతే మీ పాత విద్యార్థి పేరున్న గేమ్ క్రెడిట్స్ చూపించమనండి. వాళ్లు నేర్పేవి ఏ సాఫ్ట్‌వేర్లు? గోడో పూర్తిగా ఉచితం. బ్లెండర్ ఉచితం. అన్‌రియల్‌తో చేసిన గేమ్ పది లక్షల డాలర్లు సంపాదించేదాకా వాళ్లకి ఒక్క రూపాయి రాయల్టీ కట్టక్కర్లేదు. ఫీజు కట్టడమే తప్పని కాదు. లైట్లు మెరుస్తుంటే, చెవుల్లో మ్యూజిక్ మోగుతుంటే కట్టకూడదు. ఊరికొచ్చి, నాన్న పక్కన కూర్చుని ఆ కాగితం చదివాక కూడా కట్టాలనిపిస్తే కట్టండి.

నాన్న అంటే గుర్తొచ్చింది. మన ఇళ్లల్లో గేమ్ అంటే పేకాట యాప్ అనుకుంటారు, తప్పు వాళ్లది కాదు. ఆ యాప్‌ల్లో డబ్బు పోగొట్టుకున్న కథలు వాళ్లు చాలానే విన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని, వాటి ప్రకటనల్ని నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ని, డబ్బు పందెం లేని ఆటల్ని వేరుగా చూసింది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ తేడా చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

ఇంతా చెప్పాక, అసలు హైదరాబాద్ వెళ్లడం కుదరనివాళ్లే ఎక్కువ అని నాకు తెలుసు. బస్సు ఛార్జీ, టికెట్, తిండి కలిపితే హాస్టల్ మెస్ బిల్లంత. ఆడపిల్లల్ని రాత్రి బస్సులో పంపించని ఇళ్లు మన పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఎన్నో. వాళ్ల కోసం ఒక దారి ఉంది. స్టీమ్ అనే గేమ్ స్టోర్ 'నెక్స్ట్ ఫెస్ట్' పేరుతో ఏటా మూడుసార్లు, సాధారణంగా ఫిబ్రవరి, జూన్, అక్టోబరు నెలల్లో, రాబోయే గేమ్‌ల డెమోల్ని వందల్లో ఉచితంగా పెడుతుంది. లైన్ లేదు, పన్నెండు నిమిషాల లెక్క లేదు. చిన్న గేమ్‌లు మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. తయారుచేసినవాళ్లు అక్కడే అభిప్రాయాలు చదువుతుంటారు, తప్పు చూపిస్తే జవాబిస్తారు కూడా.

మా వీధి కుర్రాడు ఇప్పుడు చేస్తోంది అదే. మొన్న ఫెస్ట్‌లో తొమ్మిది డెమోలు ఆడి, ఇరవై ఒక్క బగ్ రిపోర్టులు రాశాడు. మూడింటికి 'సరిచేశాం, థ్యాంక్స్' అని జవాబొచ్చింది. ఆ మూడూ రెజ్యూమెలో పెట్టాడు, నాకు పంపి ఎలా ఉందని అడిగాడు. ఇంగ్లీషులో రెండు తప్పులు దిద్ది వెనక్కి పంపా. వచ్చే మంగళవారం వాడికి ఫోన్ ఇంటర్వ్యూ ఉంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే ఒక చిన్న కంపెనీలో.